పేరు దొరికితే మనిషి దొరికినట్టేనా?
ఐరిష్, స్కాటిష్ వంశమూలాల వెతుకులాటపై ఒక సమీక్ష

ఐర్లండ్‌లో కాగితాలన్నీ కాలిపోయాయి, స్కాట్లండ్‌లో అన్నీ పదిలంగా ఉన్నాయి. తాతముత్తాతల ఊరు వెతుక్కునే అమెరికన్లు, కెనడియన్లు, ఆస్ట్రేలియన్ల మధ్య ఈ మాట ఎంతోకాలంగా చలామణిలో ఉంది. దీన్ని నమ్మి ఐరిష్ మూలాలున్నవాళ్లు మొదలుపెట్టకముందే చేతులెత్తేస్తుంటారు. స్కాటిష్ మూలాలున్నవాళ్లు కోరిన పేరు రిజిస్టరులో కనబడగానే పని అయిపోయిందనుకుంటారు. రెండూ తొందరపాటే. పాత రిజిస్టర్లు ఇంటర్నెట్‌కు ఎక్కి, డీఎన్‌ఏ పరీక్షలు అంగడి సరుకయ్యాక వ్యవహారం మరింత చిక్కుబడింది. ఏ కాగితాన్ని ఎంతవరకు నమ్మాలి, డీఎన్‌ఏ పరీక్ష మాట చెల్లుతుందా కాగితం మాట చెల్లుతుందా, ‘ఈయనే మా ముత్తాత’ అనడానికి ఎంత ఆధారం చాలు అన్న ప్రశ్నల మీద ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు.

కాలిందెంత, మిగిలిందెంత

1922 జూన్ 30న, ఐరిష్ అంతర్యుద్ధం మొదలైన రోజుల్లో, డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ ఆవరణలో పెద్ద పేలుడు జరిగి ప్రభుత్వ రికార్డుల కార్యాలయం తగలబడింది. భవనాన్ని ఆక్రమించిన బ్రిటన్‌తో కుదిరిన ఒప్పందాన్ని వ్యతిరేకించేవారు అక్కడ మందుగుండు దాచారు, బయటి నుంచి ప్రభుత్వ సేనలు ఫిరంగులు పేల్చాయి. తప్పెవరిదన్న వాదన నేటికీ తెగలేదు. ఆ మంటల్లో పోయినవాటిలో 1821 నుంచి 1851 దాకా జరిగిన నాలుగు జనగణనల పత్రాలు (కొన్ని ముక్కలు తప్ప), చర్చ్ ఆఫ్ ఐర్లండ్‌కు చెందిన సగానికి పైగా పారిష్‌ల రిజిస్టర్లు, శతాబ్దాల వీలునామాలు ఉన్నాయి.

అయితే ఆ నిప్పు మోయాల్సిన నింద కంటే ఎక్కువే మోస్తోంది. 1861, 1871 జనగణన పత్రాలను లెక్కలు తేలిన కొద్దికాలానికే ప్రభుత్వమే నాశనం చేయించింది. 1881, 1891 పత్రాలు మొదటి ప్రపంచయుద్ధ కాలంలో గుజ్జుకు పోయాయి. 1921లో స్వాతంత్ర్య పోరాటం వల్ల అసలు గణనే జరగలేదు. అంటే ఎనిమిది జనగణనలు పోతే నిప్పుకు ఆహుతైనవి నాలుగే, మిగతా నాలుగూ గుమాస్తాల సంతకాలతో పోయాయి.

ఇక కాలనివాటి సంగతి. క్యాథలిక్ చర్చి రిజిస్టర్లు ఫోర్ కోర్ట్స్‌కు చేరనే లేదు. దేశంలో అత్యధికులు క్యాథలిక్కులే కనుక సామాన్య కుటుంబాల విషయంలో ఇదే పెద్ద ఊరట. ఐర్లండ్ జాతీయ గ్రంథాలయం వీటిని సుమారు 1880 వరకు మైక్రోఫిల్ములకెక్కించి, 2015లో 3,70,000కు పైగా చిత్రాలుగా ఉచితంగా అందుబాటులో పెట్టింది. క్యాథలిక్కులు కాని వారి వివాహాలకు 1845 నుంచి, అందరి జనన మరణ వివాహాలకు 1864 నుంచి ప్రభుత్వ నమోదు ఉంది. 1901, 1911 జనగణనలు ఇంటింటి పత్రాలతో సహా మిగిలాయి. వీటికి తోడు రెండు శిస్తు జాబితాలున్నాయి. ఒకటి 1823–37 మధ్య చర్చి పన్ను కోసం రాసిన టైత్ పుస్తకాలు, రెండోది రిచర్డ్ గ్రిఫిత్ ఆధ్వర్యంలో 1847–64 మధ్య అచ్చయిన భూమి విలువ కట్టిన జాబితా. ఈ రెండూ జనగణనకు ప్రత్యామ్నాయమని చాలా పుస్తకాలు చెబుతాయి. ఆ మాటను పట్టుకుని వేలాడకూడదు. వాటిలో కౌలుదారు పేరుంటుంది, భూస్వామి పేరుంటుంది, భార్యాపిల్లల ఊసే ఉండదు.

మిగిలిన కాగితాల్లో అన్నిటికంటే విచిత్రమైనవి వృద్ధాప్య పింఛను దరఖాస్తుల వెంట నడిచినవి. 1909 జనవరి నుంచి 70 ఏళ్లు నిండిన పేదలకు వారానికి అయిదు షిల్లింగుల వరకు పింఛను మొదలైంది. 1839లో పుట్టిన ముసలమ్మకు జనన ధ్రువపత్రం ఎక్కడిది? నమోదు మొదలైందే 1864లో. కనుక దరఖాస్తుదారు తన తల్లిదండ్రుల పేర్లు, చిన్ననాడు ఉన్న పల్లె పేరు రాసిస్తే, డబ్లిన్‌లో గుమాస్తా 1841, 1851 జనగణన కట్టలు విప్పి వెతికి, దొరికిందీ లేనిదీ, దొరికితే అప్పటి వయసెంతో ఫారం మీదే రాసేవాడు. పదమూడేళ్ల తర్వాత కట్టలు కాలిపోయాయి, ఫారాలు మిగిలాయి. కాలిపోయిన జనగణనలో ఫలానా ఇంట ఫలానా పిల్ల ఉండేదని చెప్పడానికి అనేక కుటుంబాలకు ఇవాళ మిగిలిన ఏకైక ఆధారం ఆ గుమాస్తా చేతిరాత. ఆ పింఛను పుణ్యమా అని ఇంకో చిక్కూ వచ్చింది. 1901 నుంచి 1911కి పదేళ్లే గడిచినా, ఐరిష్ జనగణనలో కొందరు ముసలివాళ్లకు పదేళ్ల కంటే ఎక్కువే పైబడ్డాయి. వయసు సరిగ్గా తెలియకపోవడం ఒక కారణం, అయిదు షిల్లింగులు మరో కారణం. ఆ రెంటిలో ఏది ఎంత అన్నది ఇంటింటికీ మారుతుంది.

పుష్కలంగా ఉన్నచోట ఇబ్బంది

స్కాట్లండ్‌లో ప్రభుత్వ నమోదు 1855 జనవరి 1న మొదలైంది. ఆ మొదటి సంవత్సరం వివరాలు ఇప్పటికీ వంశచరిత్రకారుల నోరూరిస్తాయి. బిడ్డ పుట్టుక నమోదులో తల్లిదండ్రుల వయసులు, పుట్టిన ఊళ్లు, పెళ్లి ఎప్పుడు ఎక్కడ జరిగిందీ, అంతకుముందు పుట్టిన పిల్లల లెక్క ఉంటాయి. మరణ నమోదులో సంతానం పేర్లు, వయసులు కూడా ఉంటాయి. రిజిస్ట్రార్లకు తల ప్రాణం తోకకొచ్చింది కాబోలు, 1856లో చాలా గళ్లు తీసేశారు. తల్లిదండ్రుల పెళ్లి తేదీ, ఊరు 1861లో మళ్లీ చేర్చారు. మరణ నమోదులో తల్లి పుట్టింటి ఇంటిపేరు మాత్రం మొదటినుంచీ ఉండటం స్కాట్లండ్‌కున్న పెద్ద వరం. తరానికి తరాన్ని ముడివేసే దారం అదే. అయితే చనిపోయినవాడు తన తల్లి పేరు తానే చెప్పడు గదా. చెప్పింది అల్లుడో పొరుగింటాయనో అయితే ఆ గడిలో ఉన్నది ఊహ కావచ్చు. సమాచారం ఇచ్చినవారి సంతకం చూడకుండా తల్లి పేరు ఎత్తిరాసుకోవడం ఈ రంగంలో తరచు జరిగే పొరపాటు.

1855కు ముందుకు వెళితే పాత పారిష్ రిజిస్టర్లే గతి. పెర్త్‌షైర్‌లోని ఎరల్ పారిష్‌లో 1553 నుంచి ఉన్నాయి. అన్నిచోట్లా అంత పాతవి లేవు. ముఖ్యంగా పడమటి ద్వీపాల్లో, హైలాండ్స్‌లో చాలా ఆలస్యంగా మొదలయ్యాయి. అధికార చర్చి నుంచి విడిపోయిన శాఖలవాళ్లు వీటిలో అంతగా కనబడరు. 1783 నుంచి 1794 దాకా ఒక్కో నమోదుకు మూడు పెన్నీల సుంకం ఉండటంతో చాలామంది తప్పించుకున్నారు. ఖననాల నమోదు అంతంతమాత్రం. దీనికి తోడు, ఇద్దరు సాక్షుల ఎదుట ‘మేం భార్యాభర్తలం’ అని ప్రకటిస్తే చెల్లిపోయే పెళ్లి పద్ధతి 1940 దాకా చట్టబద్ధమే. రిజిస్టరులో పెళ్లి లేదంటే పెళ్లి జరగలేదని అర్థం కాదు.

రిజిస్టర్లు చెప్పనిది కొన్నిసార్లు చర్చి పెద్దల పంచాయతీ పుస్తకాలు చెబుతాయి. పెళ్లి కాకుండా గర్భవతి అయిన యువతిని పారిష్ పెద్దల ముందు నిలబెట్టి, బిడ్డ తండ్రెవరని అడిగి, అతణ్ణి పిలిపించి, ఒప్పుకుంటే ఒప్పుకున్నట్టు, కాదంటే కాదన్నట్టు రాసేవారు. ఆ యువతుల పట్ల ఎంత కఠినమో చెప్పనక్కరలేదు. వంశం వెతికేవారికి మాత్రం బాప్తిస్మ రిజిస్టరులో ఖాళీగా వదిలిన తండ్రి పేరు దొరికే చోటు అదే. 2021 నుంచి వీటి చిత్రాలు స్కాట్లండ్స్ పీపుల్ వెబ్‌సైటులో ఉచితంగా చూడవచ్చు.

ఇన్ని ఉన్నా అసలు ఇబ్బంది ఒకే పేరున్న మనుషులతో. బకీ వంటి ఈశాన్య తీరపు జాలరి ఊళ్లలో నాలుగైదు ఇంటిపేర్లే ఊరంతా పంచుకునేవారు. అందుకే అక్కడ మారుపేర్లు అధికారిక నమోదుల్లోకీ ఎక్కాయి. గ్రిఫిత్ జాబితాలోనూ ఇదే తంతు: పశ్చిమ కార్క్‌లో ఒకే పల్లెలో ఇద్దరు జాన్ సల్లివన్‌లుంటే తండ్రి పేరో మారుపేరో పక్కన రాశారు. మన పల్లెల్లో పెద్ద సుబ్బయ్య, చిన్న సుబ్బయ్య, మిట్ట సుబ్బయ్య ఉన్నట్టే. అనుక్రమణికలు తయారుచేసినవారు ఈ పక్కరాతలను వదిలేయడంతో, ఇంటర్నెట్‌లో వెతికితే సుబ్బయ్యలందరూ ఒక్కటైపోతారు.

ఒక దేశపు గుట్టు మరో దేశపు కాగితంలో

రెండు దేశాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఇలా తేలుతుంది. సాధారణ ఐరిష్ క్యాథలిక్ రైతు కుటుంబం జాడ 1800–1830 మధ్య ఎక్కడో ఆగిపోతుంది. అంతకుముందు రిజిస్టరు లేదు, కౌలు పత్రంలో పేరు లేదు. సాధారణ లోలాండ్ స్కాట్ కుటుంబాన్ని 1700 దాకా లాగవచ్చు గాని, 1855 దాటి వెనక్కి వేసే ప్రతి అడుగులోనూ ‘ఇతడా, అదే పేరున్న అతడా’ అన్న సందేహం వెంటాడుతుంది. ఐర్లండ్‌లో గొలుసు తెగితే మనకు తెలుస్తుంది. స్కాట్లండ్‌లో గొలుసు తెగినా తెగనట్టే కనబడుతుంది. రెండోదే ప్రమాదకరం.

ఈ రెండు దేశాలను వేరువేరుగా చూడటమే తప్పు అనే పరిశోధకులున్నారు. వారి వాదనలో పస ఉంది. 1609 తర్వాత అల్స్టర్ వలసతో వేలాది స్కాట్లు ఉత్తర ఐర్లండ్ చేరారు. 19వ శతాబ్దంలో ఐరిష్ జనం ఎదురుదిశలో గ్లాస్గోకు పోటెత్తారు. స్కాటిష్ జనగణనలో ఇలాంటివారి పుట్టినచోటు గడిలో చాలాసార్లు ‘ఐర్లండ్’ అనే ఉంటుంది, ఊరు పేరుండదు. కాని వాళ్లు పూట గడవక పేదల సహాయం అడిగితే కథ మారుతుంది. 1845 చట్టం ప్రకారం ఆ ఖర్చు ఏ పారిష్ భరించాలో, మనిషిని ఐర్లండ్‌కు తిప్పి పంపవచ్చో లేదో తేల్చాలి గనుక, తనిఖీ అధికారి పుట్టిన కౌంటీ, పారిష్, తల్లిదండ్రుల పేర్లు, ఎన్నాళ్లుగా ఎక్కడెక్కడ కాపురమున్నదీ గుచ్చిగుచ్చి అడిగి రాసుకున్నాడు. మిచెల్ గ్రంథాలయంలోని గ్లాస్గో నగర ఆర్కైవ్స్‌లో ఈ దరఖాస్తులు భారీగా ఉన్నాయి. 60,000కు పైగా ఉన్న ఐరిష్ టౌన్‌ల్యాండ్లలో (పల్లె స్థాయి భూవిభాగాల్లో) తమది ఏదో తెలియక తిరిగేవాళ్లకు, జవాబు డబ్లిన్‌లో కాక గ్లాస్గోలో దొరకడం తరచు జరిగేదే. అల్స్టర్ మూలాలవారికి 1796 నాటి అవిసె సాగు జాబితా అలాంటిదే. అవిసె వేసిన రైతులకు రాట్నాలు బహుమతిగా ఇచ్చిన పథకంలో దాదాపు 60,000 పేర్లు నమోదయ్యాయి.

మన వైపు నుంచీ ఒక చిన్న దారి ఉంది. రాయలసీమలో బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టించిన థామస్ మన్రో గ్లాస్గోలో పుట్టినవాడు, కైఫీయతులు సేకరింపజేసిన కాలిన్ మెకంజీ లూయిస్ దీవిలోని స్టోర్నోవేవాడు. ఇలాంటి పెద్దలకంటే ముఖ్యం, ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరిన వేలమంది పేరులేని ఐరిష్, స్కాటిష్ సిపాయిలు. రాయల్ డబ్లిన్ ఫ్యూజిలియర్స్ మొదటి పటాలం ఒకప్పటి మద్రాస్ ఫ్యూజిలియర్సే. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల బాప్తిస్మ, వివాహ, ఖనన నమోదుల నకళ్లు లండన్‌కు పంపేవారు. అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఐర్లండ్‌లో కాలిపోయిన కుటుంబపు ఒక ముక్క మచిలీపట్నంలోనో సికింద్రాబాదులోనో జరిగిన పెళ్లి నమోదులో బయటపడే అవకాశం ఉందన్నమాట.

నిరూపణ మీద వాదాలు

పేరు దొరకడం ఒకటి, ఆ పేరు మనవాడిదే అని నిరూపించడం మరొకటి. ఈ రెండోదాని మీదే అసలు తగవు.

పత్రవాదులు అందరికంటే పాతవారు. డబ్లిన్ తగలబడిన 1922లోనే అమెరికాలో డొనాల్డ్ లైన్స్ జాకబస్ తన వంశచరిత్ర పత్రిక మొదలుపెట్టి, కట్టుకథల వంశవృక్షాలను ఏకిపారేశాడు. ఆయన దారిలో నడిచినవారు పెంచిన ప్రమాణం ఇప్పుడు దాదాపు అందరూ ఒప్పుకునేదే: చేతనైనంత వెతకాలి, ఎక్కడ దొరికిందో చెప్పాలి, పత్రాలను ఒకదానితో ఒకటి సరిపోల్చాలి, పొసగనివాటిని దాచకుండా పరిష్కరించాలి, ఎలా తేల్చామో రాతపూర్వకంగా చూపాలి. వినడానికి బాగుంది. పత్రాలే లేని పశ్చిమ ఐర్లండ్ కానాట్ పల్లెలకు ఇది ఎలా వర్తిస్తుందన్నదే విమర్శకుల ప్రశ్న. ప్రమాణం పాటిస్తే సగం ఐర్లండ్‌కు ముత్తాతలే ఉండరని వారి వెటకారం.

దీనికి జవాబుగా వచ్చింది ఇరుగుపొరుగు పద్ధతి. మనిషిని ఒంటరిగా కాక బంధుమిత్రులు, సాక్షులు, పక్క పొలాల కౌలుదార్లతో కలిపి వెతకాలంటారు ఎలిజబెత్ షోన్ మిల్స్ తదితరులు. ఐరిష్ క్యాథలిక్ బాప్తిస్మంలో జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు సాధారణంగా ఉంటాయి. వాళ్లు తరచు మేనమామలో పినతల్లులో అవుతారు. ఒకే పేరున్న ఇద్దరు తండ్రుల పిల్లలను విడదీయడానికి ఆ సాక్షులే దారి చూపుతారు. సమీక్షకుడి దృష్టిలో ఐర్లండ్‌కు సంబంధించి ఇంతకంటే ఫలించిన పద్ధతి మరొకటి లేదు. కాకపోతే దీనికి ఓపిక కావాలి. మీట నొక్కితే చెట్టు మొలిచే రోజుల్లో ఓపికకు గిరాకీ తక్కువ.

నామకరణ ఆచారం మరో వివాదం. రెండు దేశాల్లోనూ పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు, పెద్దకూతురికి తల్లి తల్లి పేరు పెట్టడం వాడుక. పిల్లల పేర్లు చూసి తాతల పేర్లు ఊహించవచ్చని ఒక వర్గం అంటుంది. ఆచారం అన్నిచోట్లా పాటించలేదని, చిన్నతనంలోనే పోయిన పిల్లల పేర్లు తర్వాతి పిల్లలకు మళ్లీ పెట్టేవారని, మనకు కనబడే ‘పెద్దకొడుకు’ నిజానికి మూడోవాడు కావచ్చని మరో వర్గం. ఎక్కడ వెతకాలో చెప్పే సూచనగా ఇది పనికొస్తుంది, రుజువుగా పనికిరాదు.

డీఎన్‌ఏ వచ్చాక ఈ వాదాలన్నీ తేలిపోతాయని ఆశించారు. దగ్గరి బంధుత్వాల్లో చాలావరకు తేలాయి కూడా. కాని మూడో తరం దాయాదుల్లోనే సుమారు పదిమందిలో ఒకరికి పరీక్షలో పట్టుబడేంత ఉమ్మడి డీఎన్‌ఏ ఉండదు, నాలుగో తరానికి వస్తే దాదాపు సగంమందికి ఉండదు. పోలిక లేదంటే బంధుత్వం లేదని కాదు. పోలిక ఉన్నా, చిన్న దీవుల్లో, లోయల్లో తరతరాలుగా తమలో తాము పెళ్లిళ్లు చేసుకున్న జనంలో అది ఏ వైపు నుంచి వచ్చిందో చెప్పడం కష్టం. ఇక ‘మీరు 43 శాతం ఐరిష్’ వంటి లెక్కలు కంపెనీ తన పోలిక నమూనాలను మార్చుకున్నప్పుడల్లా మారుతుంటాయి. ఐర్లండ్ వైపు ఆంట్రిమ్ తీరానికీ, ఎదురుగా కనబడే స్కాటిష్ కింటైర్‌కూ మధ్య జన్యు సరిహద్దు గీయడం సముద్రం మీద గీత గీయడమే.

తెగలు, రాజులు, పోలికలు

మగవారి వంశక్రమాన్ని చూపే వై-క్రోమోజోమ్ విషయంలో ఉత్సాహం మరీ ఎక్కువ. 2006లో డబ్లిన్ ట్రినిటీ కళాశాల పరిశోధకులు వాయవ్య ఐర్లండ్‌లో సుమారు అయిదుగురు మగవారిలో ఒకరికి ఒకే గుర్తు ఉందని చూపి, దాన్ని ఐదో శతాబ్దపు రాజుగా చెప్పే నియల్ సంతతితో ముడిపెట్టే అవకాశాన్ని ప్రతిపాదించారు. పత్రికలు ‘అవకాశం’ అన్న మాటను మింగేశాయి. ఆ గుర్తు నియల్ కంటే పాతదని, స్కాట్లండ్‌లోనూ విస్తారంగా ఉందని తర్వాతి పని సూచించింది. అయినా ఆ రాజు పేరు దానికి అంటుకుపోయింది. స్కాట్లండ్‌లోని మెక్‌డొనాల్డ్ తెగ కథ ఇందుకు భిన్నం. వారి మూలపురుషుడు, 1164లో మరణించిన సోమర్లెడ్ ఐరిష్ రాజవంశీకుడని సంప్రదాయం. ఆయన సంతతిగా పత్రాలున్న తెగ నాయకులు పంచుకున్న గుర్తు మాత్రం నార్స్ మూలాల వైపు చూపుతోంది. ఇక్కడ పత్రమూ డీఎన్‌ఏ కలిసి సంప్రదాయాన్ని సవరించాయి. నియల్ విషయంలో పత్రం లేకుండా డీఎన్‌ఏ ఒక్కటే నడిచి తడబడింది.

తెగ ఇంటిపేరు ఉన్నంత మాత్రాన నాయకుడి రక్తమని ఎవరూ చెప్పలేరు. హైలాండ్ కౌలుదార్లు నాయకుడి ఇంటిపేరును రక్షణ కోసమో, తిండిగింజల కోసమో తగిలించుకున్నారు. అధికారిక ముద్ర ఉన్నా అంతే సంగతులని ఐర్లండ్‌లో ‘మెకార్తీ మోర్’ వ్యవహారం తేల్చింది. 1992లో ఐరిష్ ప్రధాన వంశచిహ్నాధికారి గుర్తించిన తెగ నాయకుడి వంశావళి బూటకమని 1999లో బయటపడి గుర్తింపు రద్దయింది. 2003 నాటికి తెగ నాయకులను గుర్తించే పద్ధతికే ప్రభుత్వం స్వస్తి చెప్పింది. స్కాట్లండ్‌లో వంశచిహ్నాలను చూసే లార్డ్ లయన్ కార్యాలయం నేటికీ న్యాయస్థానంగానే పనిచేస్తోంది. సాక్ష్యం లేని వంశావళి అక్కడ అంత తేలిగ్గా ఎక్కదు.

తేలనివి

2022లో మొదలైన వర్చువల్ రికార్డ్ ట్రెజరీ అనే డిజిటల్ భండారం, డబ్లిన్‌లో పోయినవాటి నకళ్లను ప్రపంచమంతటి నుంచి ఏరి తెచ్చి ఒకచోట పేరుస్తోంది. కాలిపోయిన రికార్డుల కార్యాలయపు అధికారి హెర్బర్ట్ వుడ్ 1919లో, అంటే మంటలకు మూడేళ్ల ముందు, అక్కడ ఏముందో ప్రచురించిన సూచిక దీనికి వెన్నెముక. ఇందులో దొరికేవి ఎక్కువగా ప్రభుత్వ, భూస్వామ్య పత్రాలు. కౌలుదారు కుటుంబాల చీకటిని ఇది ఎంత తొలగిస్తుందన్నది చూడాలి. 1926 ఏప్రిల్ 18 నాటి ఐరిష్ జనగణనకున్న 100 ఏళ్ల గోప్యత 2026తో తీరుతుంది. 1911 తర్వాతి ఖాళీ దక్షిణానికి దానితో పూడుతుంది, ఉత్తర ఐర్లండ్ 1926 పత్రాలు మాత్రం మిగల్లేదని భావిస్తున్నారు.

డబ్బు మీద కూడా తగవుంది. ఐర్లండ్ 100 ఏళ్లు దాటిన జననాలు, 75 ఏళ్లు దాటిన వివాహాలు, 50 ఏళ్లు దాటిన మరణాల నమోదులను ఉచితంగా చూపుతోంది. స్కాట్లండ్‌లో ఇలాంటి నమోదు చిత్రం తెరవాలంటే క్రెడిట్లు కొనాలి. ఆ రుసుముతోనే స్కాటిష్ అనుక్రమణికలు నాణ్యంగా ఉన్నాయని సమర్థకులు. కాని డబ్బులు పెట్టి చూడాల్సి వచ్చేసరికి అసలు పత్రం చూడకుండా అనుక్రమణికతోనే సరిపెట్టుకునేవారు పెరుగుతారు, తప్పులు అక్కడే పుడతాయి. ఈ విషయంలో ఐర్లండ్ చేసిందే మేలు.

అన్నిటికంటే తేలనిది ‘బహుశా’ అన్న మాటకు చోటెక్కడ అన్నది. తాతో అవ్వో ఐర్లండ్‌లో పుట్టారని చూపి పౌరసత్వం కోరేవారికి చట్టం మూడు తరాల ధ్రువపత్రాలు అడుగుతుంది. అక్కడ బహుశాకు తావు లేదు, ఉండకూడదు. కాని 1820 నాటి మేయో కౌంటీ కౌలుదారు విషయంలో నిజాయితీగా చెప్పగలిగే మాట చాలాసార్లు అదొక్కటే. ఇంటర్నెట్ వంశవృక్షాల్లో తండ్రి గడి నింపితే నిండినట్టు, లేకపోతే ఖాళీ. ఆ గడిలో ఊహగా పెట్టిన జాన్ కెల్లీని మరో పదిమంది ఎత్తుకుని రాసుకుంటారు, ఏడాది తిరిగేసరికి పది వృక్షాలు ఒకదానికొకటి సాక్ష్యమవుతాయి. సంబంధం ఎంత గట్టిదో పక్కన రాసి, ఎందుకలా అనుకున్నామో రెండు పేరాల్లో జతచేయాలని వృత్తి పరిశోధకులు చెబుతూనే ఉన్నారు. ఆ పేరాలు రాసే గడి ఉన్నచోట కూడా దాన్ని నింపేవారు అరుదు.